ధవళేశ్వరం వస్తున్నారు కదా, కొండ దగ్గర మొదలెట్టండి

డిసెంబర్‌లో పిల్లల్ని తీసుకుని రాజమండ్రి వస్తున్నాం, ధవళేశ్వరంలో బ్యారేజీ మీద ఫోటో దిగటం తప్ప ఇంకేమైనా చూడ్డానికి ఉందా, ఒక పూట సరిపోద్దా అని అడిగారు మీరు. చివర్లో ఒక ముక్క రాశారు, మా తాతగారు అక్కడ కాలవ లాకు మీద లస్కరుగా, అంటే పడవలు దాటించే తలుపులు తీసి మూసే పనివాడిగా చేశారు, ఆయన గురించి మా నాన్నకి కూడా పెద్దగా తెలీదు అని. ఆ చివరి ముక్క చూసే ఇంత పొడుగు సమాధానం రాయడానికి కూర్చున్నానండి. నాది ధవళేశ్వరమే, మా నాన్న వర్క్‌షాపులో ఇనప పోత పని చేసేవారు, నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను, ముప్పై నాలుగేళ్ళు ఆ గేట్లు ఆ గట్లు ఆ లాకుల మధ్యే తిరిగాను. అందుకని నాకు తెలిసింది చెప్తాను, ఒక పూట సరిపోదు, ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి, రెండో రోజు కుదిరితే కోనసీమ వైపు వెళ్దురుగాని.

అందరూ చేసే పని ఏంటంటే కారు నేరుగా బ్యారేజీ మీదకి ఎక్కించేసి, గేట్లు చూసి, గుర్రం మీద ఉన్న కాటన్ దొర, అంటే పాత ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు, ఆయన విగ్రహం దగ్గర ఆగి, వేడివేడి మొక్కజొన్న పొత్తు తిని వెళ్ళిపోతారు. అలా చూస్తే నిజంగానే అరగంట పని. కానీ ఆ ఆనకట్ట అక్కడే ఎందుకొచ్చింది, ఎవరు కట్టారు, దాన్ని ఇన్నాళ్ళూ ఎవరు నిలబెట్టుకుంటూ వచ్చారు అన్నది తెలియాలంటే వరస మార్చాలి. ముందు కొండ ఎక్కండి.

కొండంటే పెద్ద కొండేం కాదు, ధవళగిరి అంటారు, పైన జనార్దనస్వామి గుడి. పొద్దున్నే ఏడింటికల్లా వెళ్ళండి, మెట్లు చిన్నపిల్లలు కూడా ఎక్కేస్తారు. మా ఊళ్ళో పెళ్ళయినా పిల్లాడు పుట్టినా ముందు ఆ మెట్లే. గోదారి గట్టున నవ జనార్దన క్షేత్రాలు అని తొమ్మిది ఉన్నాయండి, నారదుడు ప్రతిష్ఠించాడని పెద్దలు చెప్తారు, అవి ఇక్కడ ధవళేశ్వరంతో మొదలై కోటిపల్లి దాకా వెళ్తాయి. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి స్వామివారి రథం లాగుతారు, ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా ఇక్కడే, మీరు వచ్చేది డిసెంబర్ కాబట్టి ఆ తీర్థం దొరకదు, ఇంకోసారి ప్లాన్ చేసుకోండి. దర్శనం అయ్యాక వెంటనే దిగిపోకుండా గోదారి వైపు తిరిగి ఓ పది నిమిషాలు నిలబడండి. పొగమంచు విడిపోతుంటే కనపడుద్ది, గోదారి ఇక్కడికొచ్చేసరికి ఎంత వెడల్పు అయిపోయిందో, మధ్యలో లంకలు, అంటే నదిలో దీవులు, ఎలా పడున్నాయో.

ఆ లంకలే అసలు సంగతి. ఇక్కడ నది ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నాలుగు మైళ్ళు, అంటే ఆరు కిలోమీటర్ల పైమాటే, కానీ అందులో చాలా భాగం లంకలే కాబట్టి కట్టాల్సిన ఆనకట్ట మూడున్నర కిలోమీటర్ల చిల్లరకి వచ్చేసింది. ఇంకోటి, మీరు నిలబడ్డ ఆ కొండే రాయి. డెల్టా అంతా ఒండ్రు మట్టి, ఇసక, రాయి అన్నది దొరకదు, అలాంటి చోట నది పక్కనే కొండ దొరకడం అదృష్టం. కొండ ఒక పక్క నిలువునా కోసేసినట్టు ఉండటం గమనించండి, అక్కడ కొట్టిన రాయే గోదార్లో పడింది. రాయి మోయడానికి పట్టాలేసి ట్రక్కులు నడిపారు, బొంబాయి నుంచి ఠాణాకి మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు 1853లో నడిస్తే, అంతకుముందే మా ఊళ్ళో రాళ్ళ కోసం పట్టాలు పడ్డాయండి. ఈ మాట చెప్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు, మా మనవడు నన్ను ఆ పట్టాలు ఎక్కడున్నాయో చూపించమని ప్రాణం తీశాడు, ఇప్పుడు లేవు కదా.

కట్టక ముందు పరిస్థితి ఏంటో కూడా పిల్లలకి చెప్పండి, లేకపోతే ఇదంతా ఉత్త కాంక్రీటులా కనపడుద్ది. 1832-33లో వచ్చిన కరువుని నందన కరువు అంటారు, నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. తర్వాత తుఫాన్లు, మళ్ళీ వానల్లేక పోవడం, అలా పదేళ్ళ పైన జిల్లా అంతా కుదేలైపోయింది. 1821లో జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు ఉంటే 1841కి 5 లక్షల 61 వేలకి పడిపోయిందండి. చచ్చిపోయినవాళ్ళు కొందరు, ఊళ్ళొదిలి వెళ్ళిపోయినవాళ్ళు కొందరు. పక్కనే గోదారి నిండుగా పారుతుంటే పొలాలు ఎండిపోవడం, గోదారి పొంగినప్పుడు అవే పొలాలు మునిగిపోవడం. ఇప్పుడు కోనసీమని చూసి స్వర్గంలా ఉంది అంటున్నారు కదా, ఆ కోనసీమ చుట్టూ అప్పట్లో ఇదీ పరిస్థితి.

1844లో ఆర్థర్ కాటన్ ఇక్కడికొచ్చి సర్వే చేశాడు. అంతకుముందు ఆయన తంజావూరు వైపు కావేరి, కొల్లిడం మీద పని చేశాడు, అక్కడ చోళుల నాటి కల్లణై అనే ఆనకట్ట చూసి నేర్చుకున్నాడు. ఎంత లోతుకెళ్ళినా ఇసకే తప్ప రాతి పొర తగలని నదిలో పునాది ఎలా నిలపాలో మేము పాతకాలపు ఈ దేశస్తుల దగ్గరే నేర్చుకున్నాం అని ఆయనే రాసిపెట్టాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంజనీరు గారు ఈ మాట చెప్తే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే చిన్నప్పట్నించీ మాకు చెప్పింది ఒకటే, దొరగారొచ్చారు, దొరగారు కట్టారు అని. ఆయన గొప్పవాడే, నేను ఇప్పటికీ మే 15న ఆయన పుట్టినరోజుకి విగ్రహానికి దండ వెయ్యకుండా ఇంట్లో కూర్చోను. కానీ ఆ విద్యలో సగం కావేరి గట్టు మీద మనవాళ్ళు రెండువేల ఏళ్ళ కింద కనిపెట్టిందని కూడా తెలియాలి కదండీ.

1847లో పని మొదలైంది, 1852కి అయిపోయింది. ఇసకలో వరసగా బావులు దించి, వాటి మీద గోడలు లేపి, మధ్యలో రాయి కూరి, పైన గచ్చు సున్నంతో రాతి కట్టడం. మధ్యలో 1848లో కాటన్‌కి ఆరోగ్యం బాగా పాడైతే ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు, అప్పుడు పని భుజాన వేసుకుని నడిపింది కెప్టెన్ ఆర్ అనే ఆయన. కూలీలు ఒక దశలో పదివేల దాకా ఉన్నారట, వాళ్ళని పోగు చేసి, ఒప్పించి, కూలి డబ్బులు అందించి, మనిషికి మనిషికి మధ్య గొడవ రాకుండా చూసుకున్నది వీణెం వీరన్న గారు, మన తెలుగాయనే, సబ్ ఇంజనీరు. ఆ పేరు ఎవరికీ తెలీదు. గోదారి జిల్లాల్లో ఊరూరా కాటన్ విగ్రహం ఉంటుంది, రైతులే చందాలు వేసుకుని పెట్టుకున్నారు, వీరన్న గారి పేరు అడిగితే ఆయనెవరండీ అంటారు. రాయి కొట్టిన వడ్డెరలు, మట్టి తవ్వి తట్టలు మోసిన ఉప్పర్లు, సున్నం కాల్చినవాళ్ళు, ఇటిక కాల్చినవాళ్ళు, వీళ్ళ పేర్లు అసలు ఎక్కడా లేవు. మీరు కొండ మీంచి ఆ కోసిన రాతి గోడ చూపించేటప్పుడు పిల్లలకి ముందు వాళ్ళ గురించే చెప్పండి.

కొండ దిగాక టిఫిను చేసి మ్యూజియంకి వెళ్ళండి. సర్ ఆర్థర్ కాటన్ మ్యూజియం, 1988లో పెట్టారు. చాలామంది లోపల బొమ్మలు, ఫోటోలు, నమూనాలు గబగబా చూసి వచ్చేస్తారు, నేనైతే బయట ఆవరణలో పెట్టిన పాత యంత్రాల దగ్గర ఎక్కువసేపు ఉంటాను. ఆవిరితో నడిచినవి, చేత్తో తిప్పినవి, రాయి ఎత్తినవి, అవి వాడి వాడి ఎక్కడ అరిగాయో చూడండి, పిడి పట్టుకునే చోట ఇనుము నున్నగా అయిపోయి ఉంటుంది, అది చేతుల రాపిడి. మా నాన్న నన్ను తీసుకెళ్ళి చూపించింది అదే. లోపల లాకు నమూనా ఉంటే మాత్రం పిల్లలకి అక్కడే విడమరిచి చెప్పండి, తర్వాత నిజం లాకు దగ్గరకెళ్ళినప్పుడు సులువుగా అర్థమవుద్ది. సెలవు రోజులూ టైమింగులూ మారుతుంటాయి కాబట్టి ముందురోజు రాజమండ్రిలో మీ హోటల్ వాళ్ళని కనుక్కోమనండి.

ఇప్పుడు మీ తాతగారి విషయం. లాకు అంటే తాళం కాదు కదా, కాలవ మీద పడవలు ఎక్కడానికి దిగడానికి కట్టిన మెట్టు లాంటిది. గోదారి నుంచి కాలవలోకి, కాలవలో పై మట్టం నుంచి కింది మట్టానికి నీళ్ళు తేడా ఉంటుంది, పడవ ఒక్కసారి దూకలేదు. అందుకని రెండు పక్కలా తలుపులు పెట్టి మధ్యలో రాతి గది కడతారు. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసేసి, ముందు తలుపుల్లో ఉన్న చిన్న తూము ఎత్తి నీళ్ళు వదుల్తారు, లోపల నీళ్ళు మెల్లగా దిగుతుంటే పడవా దిగుద్ది, రెండు పక్కలా మట్టం ఒకటయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. ఇదంతా మనుషులు చేత్తో చేసేవాళ్ళు, ఆ మనుషులే లస్కర్లు. పొడుగాటి దుంగకి భుజం ఆనించి నెట్టాలి, వానైనా ఎండైనా అర్ధరాత్రైనా పడవవాడు కేక వేస్తే లేవాలి. లాంతరు పట్టుకెళ్ళి గేజి రాయి మీద నీళ్ళు ఎన్ని అడుగులు ఎన్ని అంగుళాలు ఉన్నాయో చూసి రిజిస్టర్‌లో రాయాలి, గట్టుకి ఎక్కడైనా బుంగ పడితే ముందు కనిపెట్టేది ఆయనే, కబురు పెట్టేదాకా గడ్డీ మట్టీ వేసి ఆపేదీ ఆయనే. ఒక్క ఎలక బొక్క చాలండి రాత్రికి రాత్రి గండి పడిపోడానికి.

ఆ కాలవల మీద ఎంత రాకపోకలు ఉండేవో ఇప్పటివాళ్ళు నమ్మరు. కాకినాడ నుంచి సామర్లకోట మీదుగా ఇక్కడికి, ఇక్కడ గోదారి దాటి విజ్జేశ్వరంలో దిగి ఏలూరు, బెజవాడ, అక్కడ నుంచి బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని మద్రాసు దాకా పడవ ప్రయాణం. ధాన్యం, కొబ్బరి, బెల్లం, ఉప్పు, కలప, పెళ్ళివారు, అందరూ పడవల మీదే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. మా నాయనమ్మ కాకినాడలో పుట్టింటికి పడవలోనే వెళ్ళేది, రాత్రి ఎక్కితే లాకు లాకుకీ మెలకువ వచ్చేదని, లస్కరు చలిమంట దగ్గర ఆడవాళ్ళు పిల్లలకి పాలు కాచుకునేవారని చెప్పేది. రోడ్లొచ్చాయి, లారీలొచ్చాయి, పడవలు ఆగిపోయాయి. లాకులు ఉన్నాయి కానీ తలుపులు తీసి మూసే పనే లేదు చాలా చోట్ల.

అందుకే నాకు బాధ. ఒక లాకు దగ్గర మరమ్మతు జరుగుతుంటే నేను అటుగా వెళ్ళాను, రిటైర్ అయ్యాక మాట ఇది. చక్కగా ఉలితో చెక్కిన పాత రాళ్ళు, నూట యాభై ఏళ్ళు నీళ్ళలో నానినా అంగుళం కదలనివి, వాటి మీద సిమెంటు కొట్టేసి తెల్లరంగు వేసేస్తున్నారు, అందంగా ఉంటుందని. నేను ఆ మేస్త్రిని ఏమీ అనలేదు, అతనికి చెప్పిన పని అతను చేస్తున్నాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం సయించలేదు. పాత పోత ఇనప చక్రాలు కూడా అలాగే తుక్కు కింద పోయాయి కొన్ని, అందులో మా నాన్న చేతి పని ఏదైనా ఉందేమో అని ఇప్పటికీ మనసులో ఉంటుంది. మా ఊళ్ళో ఆనకట్టతో పాటే పుట్టింది వర్క్‌షాపు, లాకు తలుపులు, షట్టర్లు, పడవలు, డెల్టా మొత్తానికి కావల్సిన ఇనప సామానంతా ఇక్కడే తయారయ్యేది, ఊళ్ళో సగం ఇళ్ళల్లో ఒక్కరైనా కమ్మరో, పోత పనివాడో, ఫిట్టరో, వడ్రంగో ఉండేవాడు. పొద్దున సైరన్ కొడితే మా అమ్మ పొయ్యి మీద అన్నం దించేది. గడియారం చూసుకునే అలవాటు మా వీధికి లేదు.

మధ్యాహ్నం దాకా ఇవి చూసి, అప్పుడు వెళ్ళండి ఆనకట్ట మీదకి. ఇప్పుడు మీరు చూసేది కాటన్ కట్టిన ఆనకట్ట కాదు, దాని బదులు 1970లో మొదలెట్టి 1982కి పూర్తి చేసిన బ్యారేజీ. పాతది నీళ్ళు పైనుంచి పొర్లిపోయే గోడ, దాని మీద తర్వాత షట్టర్లు పెట్టి ఎత్తు పెంచుకుంటూ వచ్చారు, నూట ముప్పై ఏళ్ళు మోసింది. కొత్తదానికి 175 గేట్లు, నాలుగు ముక్కలు. ధవళేశ్వరం నుంచి పిచ్చుకలంక దాకా 70, పిచ్చుకలంక నుంచి బొబ్బర్లంకకి ర్యాలి ముక్క 43, తర్వాత మద్దూరు 23, చివర విజ్జేశ్వరం 39. గోదారి ఇక్కడ పాయలుగా చీలుద్ది, మొదటి రెండూ దాటితే గౌతమి పాయ దాటినట్టు, తర్వాత రెండూ వశిష్ఠ పాయ. ధవళేశ్వరం వైపు బయల్దేరే కాలవ తూర్పు డెల్టాకి, బొబ్బర్లంకలో బయల్దేరేది మధ్య డెల్టాకి అంటే మన కోనసీమకి, విజ్జేశ్వరంలోది పశ్చిమ డెల్టాకి. పది లక్షల ఎకరాలు ఈ మూడు కాలవల మీద ఆధారపడి ఉన్నాయి. కారులో జుయ్యిమని వెళ్ళిపోకుండా మొదటి ముక్క నడవండి, నీళ్ళు వదిలినప్పుడైతే గేటు కింద నుంచి దూకే చప్పుడు కాళ్ళకి తెలుస్తుంది. డిసెంబర్‌లో నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, ఎగువన అద్దంలా నిలబడి ఉంటుంది గోదారి.

ఆ నెమ్మది చూసి గోదారిని తక్కువ అంచనా వెయ్యకండి. ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో ధవళేశ్వరం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక అని చదువుతారు చూడండి, ఆ అంకెలు ఇవే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిందని కబురు అందినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను, ఉద్యోగంలో చేరి అయిదేళ్ళయింది. ఆ నీళ్ళు మా దాకా వచ్చేసరికి 35 లక్షల క్యూసెక్కులు దాటింది, గేట్లన్నీ పైకి లేపేసి ఇక మన చేతిలో ఏమీ లేదు అని నిలబడ్డాం, కాళ్ళ కింద కట్టడం వణుకుతుంటే. లంకల్లోంచి పడవల మీద జనం వస్తూనే ఉన్నారు, ఒకావిడ చంకలో పిల్లాడు, ఇంకో చేత్తో మేకపిల్ల, మిగిలింది అదేనండి అంది. కింద చాలా చోట్ల ఏటిగట్లు తెగిపోయాయి. బ్యారేజీ నిలబడింది. 2022 జులైలో మళ్ళీ 25 లక్షలు దాటి వచ్చింది, అప్పటికి నేను రిటైర్ అయిపోయినా ఇంట్లో ఉండలేక రోజూ గట్టు మీదకి వెళ్ళి గేజి చూసొచ్చేవాడిని. వరద వస్తే మా ఊరి వాళ్ళకి అదో అలవాటు, పొద్దున లేచి ముందు ఎంతుంది అని అడగడం, అంటే ఎన్ని అడుగులు అని, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఆ ఎర్ర నీళ్ళ కాలంలోనే పులస వస్తుంది సముద్రం నుంచి ఎదురీదుకుంటూ. పుస్తెలమ్మి అయినా పులస తినాలి అంటారు, మీరు వచ్చేది డిసెంబర్ కాబట్టి ఎవరైనా పులస పులుసు అని బోర్డు పెడితే నమ్మకండి, అది వేరే చేప. జులై నుంచి సెప్టెంబర్ మధ్య రండి, అప్పుడు నేనే చెప్తా ఎక్కడ తినాలో.

సాయంత్రం ఊళ్ళోకి తిరిగొచ్చాక ఇంకొక సంగతి మర్చిపోవద్దు, ఇది మా ఊరి పిల్లలకే చాలామందికి తెలీదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారిని అందరూ రాజమండ్రి ఆయన అనుకుంటారు, నిజమే, కానీ ఆయన 1874లో మా ధవళేశ్వరంలో స్కూలు హెడ్మాస్టరుగా చేశారండి. వివేకవర్ధని పత్రిక ఆ ఏడే మొదలెట్టారు, ఆడపిల్లల బడి పెట్టిందీ అప్పుడే, ఇక్కడే. ఆ రోజుల్లో ఆడపిల్లని బడికి పంపడమంటే మాటలా. తర్వాత ఏడేళ్ళకి 1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేశారు, ఆ ధైర్యానికి మొదటి అడుగులు మా ఊరి వీధుల్లో పడ్డాయని నేను గట్టిగా అనుకుంటాను. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఇంజనీర్లు, గుమాస్తాలు, పనివాళ్ళు ఒకచోట ఉన్న ఊరు కాబట్టి కొత్త మాట వినే చెవులు ఇక్కడ కొన్నైనా దొరికి ఉంటాయి. మీకు ఇద్దరూ ఆడపిల్లలే అన్నారు కదా, ఈ సంగతి వాళ్ళకి గోదారి గట్టు మీద కూర్చోబెట్టి చెప్పండి.

గట్టు మీదే కూర్చుంటే ఎవరైనా పురోహితుడు స్నానం చేసేవాళ్ళతో సంకల్పం చెప్పిస్తూ వినపడొచ్చు. జాగ్రత్తగా వినండి, మా వైపు కొందరు అందులో కాటన్‌ని కూడా తలుచుకుంటారు, రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యం ఇచ్చిన ఆంగ్లదేశపు భగీరథుడు అని సంస్కృతంలో శ్లోకం ఉంది. ఒక తెల్లాయన్ని సంకల్పంలో చేర్చుకున్న ఊరు ఇంకోటి ఉందో లేదో. 2027లో పుష్కరాలు కదా, అప్పుడు వస్తే ఈ శ్లోకం చాలామంది నోట వినొచ్చు, కానీ జనం విపరీతంగా ఉంటారు, ఊరు చూడ్డానికి మాత్రం ఆ పన్నెండు రోజులూ పనికిరావు.

రెండో రోజు ఉంటే బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్ళండి, ఆ దగ్గర్లోనే ఉన్న లొల్ల లాకుల దగ్గర తప్పకుండా ఆగండి. కొబ్బరిచెట్ల మధ్య కాలవ చీలే చోటు, చల్లగా ఉంటుంది, మీ తాతగారి పని ఎలాంటి చోట జరిగిందో అక్కడ నిలబడితే సగం అర్థమైపోద్ది. ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఇంట్లో కూర్చుని చూడండి, కుండ బోర్లించి మంట పెట్టి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి ఒక్క తుడుపు తుడిస్తే రేకు లేచిపోద్ది. అక్కడ నుంచి పి.గన్నవరం. వైనతేయ పాయ మీద కాలవని వంతెన మీదుగా దాటించిన అక్విడక్టు అది, కింద నది, పైన కాలవ. హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు కట్టించాడు, 40 అడుగుల వెడల్పు కమానులు 49, ఆనకట్ట పూర్తయిన రోజుల్లోనే. 2000లో దాని పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, ఆవిడ లంకల గన్నవరం ఇల్లాలు, వచ్చినవాళ్ళకి వేళ చూడకుండా అన్నం పెట్టిన తల్లి. ఒక ఊళ్ళో నీళ్ళు మోసే కట్టడానికి అన్నం పెట్టిన ఆవిడ పేరు పెట్టుకున్నారు, నాకు ఎంత నచ్చిందో ఆ పని. పాత కమానులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, వంతెన మీద ఆగకుండా పక్కకి దిగి కింద నుంచి చూడండి.

ఇక రాజమండ్రిలో 1900 నాటి హేవలాక్ వంతెన, మ్యూజియం, గౌతమీ గ్రంథాలయం, ఇవన్నీ ఎవరైనా చెప్తారు, నేను చెప్పక్కర్లేదు.

మీ తాతగారి వివరాలు ఎలా పట్టుకోవాలని అడగలేదు మీరు, కానీ అడగాలనిపించి ఆగినట్టుంది. ముందు ఇంట్లో వెతకండి. పెన్షన్ పుస్తకం గానీ, సర్వీస్ రిజిస్టర్ నకలు గానీ, బదిలీ ఆర్డరు కాయితం గానీ, పాత ట్రంకు పెట్టెలో ఏదో ఒకటి ఉంటుంది, అందులో సెక్షన్ పేరూ లాకు పేరూ రాసి ఉంటాయి. ఫోటో ఉంటే వెనక వైపు చూడండి, మా వాళ్ళు వెనక పెన్సిల్‌తో ఊరూ తేదీ రాసేవారు. అవేవీ లేకపోతే మీ నాన్నగారిని చిన్నప్పుడు ఏ బడికి వెళ్ళారో, ఇంటి ముందు కాలవ ఏ పక్క నుంచి ఏ పక్కకి పారేదో, సంతకి ఏ ఊరు వెళ్ళేవారో అడగండి, ఉద్యోగం గురించి అడిగితే తెలీదంటారు, ఇవి అడిగితే గుర్తొస్తాయి. ఆయన మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి, నేను మా నాన్న మాటలు రికార్డు చెయ్యలేదు, ఆ తప్పు మీరు చెయ్యొద్దు. లస్కర్లకి లాకు పక్కనే చిన్న క్వార్టర్స్ ఉండేవి, చాలా వరకు పడిపోయాయి గానీ పునాదులూ, వాళ్ళు వేసుకున్న మామిడిచెట్లూ కొన్నిచోట్ల అలాగే ఉన్నాయి.

ఏప్రిల్ చివర్న కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదుల్తారు. ఆ మధ్యలో వస్తే లాకు అడుగు దాకా రాయి కనపడుద్ది, మిగతా ఏడాదంతా నీళ్ళలో ఉండేది. ఎండ భయంకరంగా ఉంటుంది కాబట్టి పిల్లలతో వద్దు, మీరూ మీ నాన్నగారూ ఇద్దరే ఒకసారి రండి దానికి. డిసెంబర్‌లో వచ్చేముందు లాకు పేరు తెలిస్తే ఇక్కడ రాయండి, పేరు తెలియకపోయినా పక్క ఊరి పేరు చెప్పినా చాలు, ఏ కాలవ మీదో, అక్కడ తలుపులు ఇంకా ఉన్నాయో లేవో నేను వెళ్ళి చూసొచ్చి చెప్తాను.